ఉమ్మిన వైన్‌కే మార్కులు

నా నోరు మంచిది కాదని మా అత్తగారు కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. ఆవిడ నోరు ఎంత మంచిదో ఇదంతా విన్నాక మీరే చెబుదురుగాని.

నేను వైన్ బోర్డులో వ్యాన్ డ్రైవర్ని. వైన్ బోర్డు అంటే, దేశంలో ద్రాక్ష ఎక్కడెక్కడ పండుతుందో, ఏ ప్రాంతానికి ఏ ద్రాక్ష సొంతమో తేల్చి, గోడంత పటం గీసి, దానికి రంగులు వేసుకుని మురిసిపోయే ఆఫీసు. అక్కడ కుర్చీల్లో కూర్చునేవాళ్ళలో సగం మందికి ద్రాక్షతీగ ఎటు పాకుతుందో తెలియదు. పటం మీద మాత్రం కళ్ళు మూసుకుని వేలు పెట్టేస్తారు.

ఆ ఏడు బోర్డు పెద్దలకు ఒక గొప్ప ఆలోచన పుట్టింది. ఒక ప్రాంతానికి ఒకే ద్రాక్ష. ఎందుకయ్యా అంటే, ఒక్కోచోట రకరకాల పళ్ళు పండుతుంటే కొనేవాడికి తల తిరిగిపోతోందట. కొనేవాడి తల నిలబడాలి కాబట్టి ఇకమీదట పటం మీద ఒక రంగు, ఆ రంగు కింద ఒక పండు. ఆ రంగులోపల ఇంకే ద్రాక్ష ఉన్నా పీకేసి, ప్రాంతపు ద్రాక్ష నాటుకోవాలి. మొక్కలు బోర్డే ఇస్తుంది. పీకడానికి మనుషుల్ని కూడా బోర్డే పంపుతుంది. ఎంత దయ!

ఇందులో నాకొచ్చిపడ్డ కష్టం ఏమిటంటే, మా ఇల్లు రాళ్ళకొండ మీద ఉంది. కొండ కింద పెద్ద లోయ. లోయ నిండా కాటుక ద్రాక్ష. కొండ మీద మాత్రం మాదీ, మరికొందరిదీ మొండి ద్రాక్ష. మా కొండ వేరే ప్రాంతమని బోర్డు ఒప్పుకుంటే మాకొక రంగు వస్తుంది, మా తీగలు మాకుంటాయి. ఒప్పుకోకపోతే మేము లోయలో కలిసిపోతాం, మా తీగలు మొదళ్ళతో సహా పొయ్యిలోకి పోతాయి. మధ్యేమార్గం లేదు.

మొండి అన్న పేరు ఊరికే రాలేదు. మంచి మట్టిలో నాటితే చచ్చిపోతుంది, రాతి పగుల్లో పడేస్తే బతుకుతుంది. నీళ్ళు ఎక్కువ పోస్తే అలుగుతుంది. అందరి పళ్ళూ కోతలైపోయాక తీరిగ్గా రంగు తిరుగుతుంది. పచ్చిగా తింటే నోరు బిగుసుకుపోతుంది. ఈ గుణాలన్నీ ఎవరివో నేను చెప్పక్కర్లేదు. మా ఆయన ఒకసారి నవ్వుతూ నోరు జారి, చాన్నాళ్ళు చల్లారిపోయిన తిండి తిన్నాడు. ఆ తీగల్ని మా అత్తగారికి వాళ్ళ అత్తగారు తిట్లతో సహా అప్పజెప్పింది. తిట్లు కాస్త పెంచి నాకు అప్పజెప్పాలని ఈవిడ ఎదురుచూస్తోంది. నేను వ్యాన్ తోలుకుంటూ తప్పించుకు తిరుగుతున్నాను.

కొండకు రంగు ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఇద్దరిని వేశారు. ఒకాయన్ని ఆఫీసంతా ముక్కుగారు అంటుంది. వైన్ వాసన చూసి అది ఏ కొండకు ఏ పక్కన పండిందో చెప్పగలడని పేరు. రెండో ఆవిడ మట్టి మేడమ్. ఎక్కడికెళ్ళినా వంగి గుప్పెడు మట్టి తీసి, నలిపి, ఒక్కోసారి నాలుక మీద వేసుకుని చూస్తుంది. వీళ్ళిద్దరినీ ప్రాంతాలన్నీ తిప్పి, చివర్లో మా కొండకు తీసుకెళ్ళాలి. ఆ ఇంటి కోడల్నని నేను చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు. డ్రైవర్‌కి కూడా ఒక అత్తగారు ఉంటుందని పెద్దవాళ్ళకు ఎందుకు తడుతుంది?

వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. వైన్ నోట్లో పోసుకుంటారు, బుగ్గలు అటూ ఇటూ ఆడిస్తారు, ఉమ్మేస్తారు. మింగకూడదు. మింగితే మత్తెక్కుతుంది, మత్తెక్కితే మార్కులు చెడతాయి. అందుకని మింగిన నోరు మార్కులు వెయ్యకూడదన్నది రూలు. ఆ రూలు రాసింది ముక్కుగారే. ఇద్దరూ నిజంగా ఉమ్మారా లేదా అని గదిలో ఉన్న బయటి మనిషి ఒకరు సాక్ష్యం చెప్పాలి. ఆ బయటి మనిషిని నేనే. ఉమ్మే బకెట్ మోసేదీ నేనే. నాకు ఇంత చదువు చెప్పించింది ఇందుకేనా అని మా అమ్మ అడుగుతూ ఉంటుంది.

మొదట సముద్రపు ఒడ్డుకు వెళ్ళాం. అక్కడ గాజు ద్రాక్ష. తోలు ఎంత పల్చనంటే, పండుని వెలుతురుకి పెడితే లోపల గింజలు కనిపిస్తాయి. ఆ వైన్ చేసే చోట స్టీలు ట్యాంకులు, తెల్ల గోడలు, తలకి ప్లాస్టిక్ టోపీలు. యజమాని గాలి గురించి గంట మాట్లాడాడు. సముద్రపు గాలి ఉప్పు తెస్తుందట, ఆ ఉప్పు తోలు మీద వాలుతుందట. వాలితే కడుక్కోవాలిగాని, ఈయన దాన్ని సీసాలో పోసి అమ్ముతున్నాడు.

ముక్కుగారు గ్లాసులో ముక్కు పెట్టి అలా ఉండిపోయాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. "తడిసిన రాయి... కోసిన పచ్చగడ్డి... దూరంగా ఎక్కడో ఒక నిమ్మచెక్క" అన్నాడు. తర్వాత సన్నటి ధారగా, ఒక్క చుక్క అంచుకి తగలకుండా బకెట్లో ఉమ్మాడు. ఆ గురి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

వ్యాన్ ఎక్కాక వెనక సీట్లోంచి అడిగాడు. "డ్రైవరమ్మా, ఉమ్మామా?"

"ఉమ్మారు సార్."

అప్పుడు మార్కులు వేశాడు.

అక్కణ్ణుంచి ఉత్తరాన చలివాలుకు. అక్కడ ఆలస్యపు ద్రాక్ష. మంచు పడేదాకా కొయ్యరు. పండు తీగమీదే ముడతలు పడి, లోపల రసం పాకంలా చిక్కబడ్డాక చేతులకు తొడుగులు వేసుకుని కోస్తారు. ఆ తోట ఒక మొగుడూపెళ్ళాలది. ఎప్పుడు కొయ్యాలన్న దగ్గర వాళ్ళిద్దరికీ ప్రతి ఏడూ గొడవే. ఆయన ఇవాళే అంటాడు, ఆవిడ ఇంకా ఆగమంటుంది. మేము వెళ్ళేసరికి మాటల్లేవు. "ఆవిడ్ని ఆ గ్లాసు ఇలా ఇమ్మనండి" అని ఆయన నాతో అంటే, "ఆయన చేతులు పడిపోయాయేమో కనుక్కో" అని ఆవిడా నాతోనే అంది. మధ్యలో నా తల ప్రాణం తోకకొచ్చింది. ముక్కుగారు తేనె అన్నాడు, ఎండబెట్టిన పండు అన్నాడు, ఉమ్మాడు. అంత తియ్యటిదాన్ని ఉమ్మడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది.

"ఉమ్మామా?"

"ఉమ్మారు సార్."

తర్వాత ఇసుక మైదానం. అక్కడి తీగలకు పందిళ్ళు లేవు, గుబురుగా నేలకు కరుచుకుని ఉంటాయి. ఎండకు మాడి మాడి పండు చిక్కటి రసం పడుతుంది. అక్కడ ముక్కుగారు గ్లాసు ఎత్తి, "పాత తోలు చెప్పు" అన్నాడు. చెప్పు వాసనొస్తే మా ఇంట్లో పారబోస్తాం. ఆయన చాలా ఎక్కువ మార్కులు వేశాడు. ఇలాంటి లోకంలో మా అత్తగారి వైన్‌కి ఏ వాసన తగులుతుందో, దానికి ఎన్ని వేస్తాడో అని నాకు గుబులు మొదలైంది.

చివరికి మా లోయ. కాటుక ద్రాక్ష ఎంత నలుపంటే, కోసిన చేతులు కోతలయ్యాక కూడా చాలా రోజులు నల్లగానే ఉంటాయి. మంచి పండే, కాదనను. చెప్పినట్టు వింటుంది. ఎక్కడ నాటితే అక్కడ కాస్తుంది, ఎప్పుడు కొయ్యమంటే అప్పుడు పండుతుంది. కోడలంటే అలా ఉండాలని మా అత్తగారు నన్ను చూసి అనేది గాని, ఆ పండుని మాత్రం ఇంటి గడప తొక్కనిచ్చేది కాదు.

లోయ సంఘం ప్రెసిడెంటు ముక్కుగారి భుజమ్మీద చెయ్యి వేసి, "ఆ కొండ మీదికి ఎందుకండీ శ్రమ? రాళ్ళూ, ఒక ముసలావిడా తప్ప అక్కడేముంది? మా రంగులోనే కలిపేయండి, పటం శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. ముసలావిడ అనే హక్కు నాకుంది, నేను రోజూ పడుతున్నాను. వీడెవడు? బకెట్ కాస్త గట్టిగా కింద పెట్టాను. ఆయన బూట్ల మీద కొంచెం చిందింది.

మర్నాడు మా కొండ. అంతకుముందే ఇంట్లో ఒక యుద్ధం అయింది.

"అత్తయ్యా, వాళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేస్తారు. మీరు ఏమీ అనుకోకూడదు."

"ఎక్కడ ఉమ్ముతారు?"

"బకెట్లో."

"నా ఎదురుగానా?"

"అందరి ఎదురుగానూ అంతే. అది వాళ్ళ పద్ధతి అత్తయ్యా, మర్యాదే అనుకోండి."

"ఇంటికొచ్చి, పెట్టింది నోట్లో పెట్టుకుని, మొహమ్మీదే ఉమ్మడం మర్యాదా? పుక్కిలించుకోవాలంటే ఉప్పునీళ్ళు కాచి ఇస్తాను, కావలసినంతసేపు పుక్కిలించుకోమను."

"మింగితే మార్కులు వెయ్యకూడదు అత్తయ్యా. మార్కులు లేకపోతే కొండకు రంగు లేదు. రంగు లేకపోతే తీగలు పీకేస్తారు. మీకు అర్థమవుతోందా?"

"నాకు చెవుడు లేదే. బాగుంటే మింగుతారు, బాగోకపోతే ఉమ్ముతారు. చంటిపిల్లకి తెలిసిన సంగతి మీ బోర్డుకి చెప్పేవాళ్ళు లేరూ?"

మా ఆయన వైపు చూశాను. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. నేను మాట్లాడితే నాకు తల ఊపుతాడు, వాళ్ళమ్మ మాట్లాడితే వాళ్ళమ్మకు తల ఊపుతాడు. ఇద్దరం ఒకేసారి మాట్లాడుతుంటే లేచి తోటలోకి పోతాడు. అప్పుడూ పోయాడు.

చివరికి బతిమాలాను, కోప్పడ్డాను, ఏడ్చినంత పని చేశాను. "సరేలేవే. ఉమ్ముకోనీ. నేను అటు తిరిగి కూర్చుంటా. నువ్వెవరో నాకు తెలియనట్టే ఉంటా. చాలా?" అంది. చాలన్నాను. తీగలంటే ఆవిడకి ప్రాణమని నాకు తెలుసు. ఆ మొండివాటి కోసం ఆమాత్రం దిగమింగుకోలేదా అనుకున్నాను.

ఆ పొద్దున మా ముందుగది చూసి నేనే గుర్తుపట్టలేదు. రాతిపలకల నేల తళతళలాడుతోంది. పొడుగుబల్ల మీద మట్టికూజా, ఒకదానికొకటి పోలికలేని గ్లాసులు. కిటికీలోంచి తీగల వరసలు. మా అత్తగారు ఇస్త్రీ బట్టలు కట్టుకుని గుమ్మంలో నిలబడి, "రండి బాబూ, రా అమ్మాయ్" అని వాళ్ళను పిలిచి, నన్ను చూసి, "ఈవిడెవరు?" అంది. ఆ నటన చూసి నాకే అనుమానం వచ్చింది, నిజంగానే మర్చిపోయిందేమోనని.

మట్టి మేడమ్ అప్పటికే తోటలో తిరిగొచ్చింది. ఆవిడ చేతిలో రాతిముక్క. "సార్, ఈ రాయి లోయలో ఎక్కడా లేదు. వేరు రాయిలోకి దిగిపోయింది. నా లెక్కన ఇది వేరే ప్రాంతమే. ఇక మీ నాలుక చెప్పాలి" అంది. నా గుండె కుదుటపడింది. సగం గెలిచాం.

బకెట్ తెచ్చి ముక్కుగారి కుర్చీ పక్కన పెట్టాను. మూత తీసిపెట్టడానికి బయటికి వెళ్ళి, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బకెట్ అక్కడ లేదు. బల్లకు అవతలి వైపు, ముక్కుగారికి సరిగ్గా ఎదురుగా, బోర్లించి ఉంది. దాని మీద మా అత్తగారు కూర్చుని ఉంది.

"మోకాళ్ళ నొప్పులు బాబూ. ఈ ఎత్తు నాకు సరిగ్గా సరిపోయింది" అంటోంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కళ్ళతో సైగ చేశాను, గొంతు సవరించుకున్నాను, గ్లాసు జరిపాను. తెలియని మనిషిని కదా, ఆవిడ నా వైపు చూడనే లేదు.

అప్పటికే ముక్కుగారు గ్లాసు ఎత్తాడు. వాసన చూశాడు. రాయి అనలేదు, గడ్డి అనలేదు, చెప్పు అనలేదు. నోట్లో పోసుకున్నాడు, బుగ్గలు అటూ ఇటూ ఆడించాడు. బకెట్ కోసం పక్కకి చూశాడు. లేదు. ఎదురుగా చూశాడు. బకెట్ మీద మా అత్తగారు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లాడికి మందు పట్టిన తల్లిలా ఆయన నోటికేసే చూస్తోంది. పెద్దావిడని లేవమ్మా, నీ కింద ఉన్నదాంట్లో ఉమ్మాలి అని ఏ నోటితో అంటాడు? అసలు నోరే ఖాళీ లేదు. నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. కిటికీ అవతల తీగల మధ్య మా ఆయన వంగి కూర్చుని ఉన్నాడు.

ముక్కుగారు మింగాడు.

మింగాక ఆయన మొహంలో వచ్చిన మార్పు నేను చెప్పలేను. ఉన్నట్టుండి మొహం మీదనుంచి ఆఫీసు దిగిపోయింది. తర్వాత గ్లాసు ముందుకు జరిపాడు. "ఇంకాస్త పొయ్యండమ్మా."

"నేను మామూలుగా మింగనండీ" అంటూనే మట్టి మేడమ్ కూడా మింగింది. ఆవిడ కూడా గ్లాసు జరిపింది. మా అత్తగారు పోసింది. వాళ్ళు తాగారు. మళ్ళీ పోసింది. నేను గోడకి ఆనుకుని నిలబడి, మా కొండ కూజాలోంచి గ్లాసుల్లోకి, గ్లాసుల్లోంచి గొంతుల్లోకి జారిపోవడం చూస్తూ ఉన్నాను.

"అమ్మగారూ, నేను ఈ ఉద్యోగంలో చేరాక వైన్ తాగడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఉమ్మాను. అంతే. తాగలేదు" అన్నాడు ముక్కుగారు.

"అయ్యో, అదేం ఖర్మ బాబూ" అంది మా అత్తగారు. మనస్ఫూర్తిగానే అంది.

కూజా ఖాళీ అయ్యాక లేచారు. ముక్కుగారు గుమ్మం దగ్గర వంగి మా అత్తగారి చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. మట్టి మేడమ్ రాతిముక్కని హ్యాండ్‌బ్యాగులో వేసుకోబోయి వేసుకోలేక, చివరికి చేతిలోనే పట్టుకుని వ్యాన్ ఎక్కింది. నేను తలుపులు వేసి, స్టీరింగ్ ముందు కూర్చున్నాను. అయిపోయింది, రూలు ప్రకారం అంతా అయిపోయింది.

వెనక నుంచి ముక్కుగారి గొంతు వచ్చింది. నెమ్మదిగా, ఒక్కో మాటా పట్టి పట్టి. "డ్రైవరమ్మా... ఉమ్మామా?"

అద్దంలో చూశాను. ఆయన నా కళ్ళలోకే చూస్తున్నాడు. ఆయనకి తెలుసు. మర్చిపోయి అడగలేదు. ఆ చూపులో ఒక బతిమాలింపు ఉంది. మట్టి మేడమ్ మొహం పక్కకి తిప్పుకుని కిటికీలోంచి కొండని శ్రద్ధగా పరిశీలిస్తోంది. జన్మలో ఒక్క తప్పుడు మార్కు వెయ్యని మనిషి, తన రూలు తానే దాటడానికి సిద్ధపడి, దారి నా చేతిలో పెట్టాడు. ఒక్క మాట అంటే చాలు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఎప్పటి గొంతుతోనే అన్నాను. "ఉమ్మారు సార్."

ముక్కుగారు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. పెన్ను తీశాడు.

"ఎవరే ఉమ్మింది?"

వ్యాన్ కిటికీ దగ్గర మా అత్తగారు. ముక్కుగారు మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి వచ్చింది. కళ్ళజోడు చేతిలో ఊగుతోంది. మొహం ఎర్రగా అయిపోయింది.

"ఎవరే ఉమ్మింది నా ఇంట్లో? అబద్ధాలాడితే కళ్ళు పోతాయి! ఒక్క చుక్క ఉమ్మలేదు. చుక్క మిగల్చకుండా తాగారు! అడిగి అడిగి పోయించుకుని తాగారు! నా వైన్‌ని ఉమ్మేంత మొనగాడు ఇంకా పుట్టలేదు! ఏం బాబూ, నువ్వు చెప్పు, ఉమ్మావా?"

మట్టి మేడమ్ ఇటు తిరిగి నన్నూ, ఆవిడనీ మార్చి మార్చి చూసింది.

"మీరిద్దరూ... ఒకరికొకరు తెలుసా?" అంది మట్టి మేడమ్.

"తెలియకేం? నా కోడలు" అంది మా అత్తగారు.

ముక్కుగారు పెన్ను మూత పెట్టాడు. వ్యాన్ దిగి, ఆవిడ చేతిలోంచి కళ్ళజోడు తీసుకున్నాడు. ఆయనకి మత్తంతా దిగిపోయినట్టుంది. "అమ్మగారూ, మీరు ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

"నిజమేగా బాబూ?"

"నిజమే. అందుకే."

"రేపు మళ్ళీ రండి సార్, రేపు ఉమ్ముదురుగాని" అన్నాను.

"ఒకసారి మింగిన నోరు ఆ వైన్‌కి మళ్ళీ మార్కులు వెయ్యకూడదమ్మా. ఇక్కడి మార్కులు లేకుండానే పటం అచ్చుకి పోతుంది." ఆయన నా మొహం చూడలేకపోయాడు. "విన్నాక విననట్టు ఉండటం నాకు చాతకాదు. లేకపోతే..." అని ఆగిపోయాడు.

వాళ్ళని దింపి వచ్చేసరికి సాయంత్రమైంది. మా అత్తగారు తీగల మధ్య రాయి మీద కూర్చుని ఉంది. నేను వ్యాన్ దిగుతూనే మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ దాచుకున్నదంతా వెళ్ళగక్కాను. మీ పొగరే కొండని మింగేసిందన్నాను. అర్థం కాలేదా, చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా అన్నాను. మా ఆయన వచ్చి అటు తల ఊపాలో ఇటు తల ఊపాలో తెలియక నిలబడిపోయాడు.

నేను అలిసిపోయేదాకా ఆగి అప్పుడు అంది. "అర్థమైందే. నువ్వు చెప్పిందంతా తెలిసే అన్నాను."

"తెలిసి ఎందుకన్నారు అత్తయ్యా?"

"నువ్వు ఉమ్మారన్నావు. నా గుమ్మం ముందు నిలబడి, ఆ నోటితో అన్నావు. కడుపు రగిలిపోయిందే. నోటికి అడ్డం పడలేకపోయాను." చేత్తో తీగల్ని చూపించింది. "వీటిని ఒకడు నోట్లో పోసుకుని ఉమ్మాడని లోకమంతా అనుకుంటూ ఉంటే, ఆ పేరు మీద ఇవి బతికి ఏం చేస్తాయి చెప్పు?"

చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. బతికి కాస్తాయి, పండుతాయి, మన ఇల్లు నిలబెడతాయి అని. కానీ ఆవిడ పక్కన ఉన్న తీగ మొదలు మీద చెయ్యి వేసి నిమురుతోంది. పెళ్ళై వచ్చిన ఇన్నేళ్ళలో ఆ చెయ్యి దేన్నీ నిమరడం నేను చూడలేదు. అక్కడే కూలబడి నేనే భోరుమన్నాను. ఆవిడ ఏడవలేదు. "ఏడుపు ఆపి ముక్కు చీదుకో" అంది.

పటం అచ్చయింది. మా కొండ లోయ రంగులో, నల్లగా, శుభ్రంగా ఉంది. ఆకురాలు కాలం అయ్యాక బోర్డు మనుషులు యంత్రం వేసుకుని వచ్చారు. ఒక్కో మొదలు రాయితో సహా లేచింది. గొలుసులు తెగాయి. ఆ మనుషులు మా మొండిదాన్ని బూతులు తిడుతూ చెమటలు కక్కారు. మా అత్తగారు వాళ్ళకి తాగడానికి నీళ్ళిచ్చి, "లాగండి, లాగండి, అది అంత తేలిగ్గా రాదు" అని గర్వంగా చెప్పింది. నా ఉద్యోగం మాత్రం పోలేదు. ఆ మెలికల రోడ్డు మీద వ్యాన్ తోలేవాళ్ళు బోర్డుకి ఇంకెవరూ దొరకలేదు.

కాటుక ద్రాక్ష నాటాం. చెప్పాను కదా, ఎక్కడ నాటితే అక్కడ కాస్తుంది. రాళ్ళు పోయిన గుంటల్లో లోయ మట్టి తెచ్చి పోశాం. నాలుగో ఏట మొదటి వైన్ దిగింది. లోయలోని ఇళ్ళన్నిటితో పాటు మా ఇంటికీ మార్కులు వెయ్యడానికి ముక్కుగారే వచ్చాడు. కొత్త వైన్, కొత్త సంగతి కాబట్టి పాత రూలు అడ్డం రాలేదు. ఆయన జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. గుమ్మంలో అడుగుపెట్టడానికే జంకాడు.

మా అత్తగారు ఇస్త్రీ బట్టలు కట్టుకోలేదు. ముందుగది కడగలేదు. గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టి, బల్ల పక్కన నిలబడింది.

ముక్కుగారు వాసన చూశాడు. నోట్లో పోసుకున్నాడు. బుగ్గలు అటూ ఇటూ ఆడించాడు. తర్వాత తలెత్తి మా అత్తగారిని చూశాడు. ఆయన ఏం చెయ్యబోతున్నాడో నాకు అర్థమైంది. మర్యాద కోసం, ఆ పెద్దావిడ కోసం, మింగబోతున్నాడు. మార్కులు పోయినా సరే, ఆవిడ ఎదురుగా ఉమ్మకూడదని నిశ్చయించుకున్నాడు. గొంతు కదలబోయింది.

మా అత్తగారు వంగి, బకెట్ రెండు చేతులా ఎత్తి, ఆయన గడ్డం కింద పెట్టింది.

"ఉమ్మేయండి బాబూ, మొహమాటపడకండి" అంది. "ఇది మాది కాదు."

ఆయన ఉమ్మాడు. లోయ మొత్తం మీద ఆ ఏడు ఎక్కువ మార్కులు మాకే వచ్చాయి.